నాయిస్ టెస్ట్ నాలుగు

నాన్న పాత జీపు అమ్మితే వచ్చినవి
మూడువేల రెండొందల లారీలు.
మా జార్జియాలో డబ్బు పేరు లారీ.
చక్రాలుండవు గానీ
వెళ్ళిపోవడం దానికీ తెలుసు.

మందుల షాపు రసీదు వెనకవైపు
జాజా ఒక జాబితా రాశాడు, పక్కనే నేనొకటి.
కంప్యూటరు మాత్రం ఒక్కటే.

వాడి జాబితాలో మొదటిది గ్రాఫిక్స్ కార్డు.
మూడు ఫ్యాన్లు, ఇటుకంత బరువు.
"అక్కా, దీంట్లో నీడలు కూడా కదుల్తాయి" అన్నాడు.
నా జాబితాలో మొదటిది నిశ్శబ్దం.
అది ఏ కొట్లోనూ గంపగుత్తగా దొరకదు,
ముక్కలు ముక్కలుగా కొనుక్కోవాలి:
నింపాదిగా తిరిగే పెద్ద ఫ్యాను,
లోపల నురుగుపరుపు అంటించిన బరువైన పెట్టె,
పని తక్కువున్నప్పుడు అసలు తిరగనే తిరగని పవర్ సప్లై.

నేను పాడేది మూడు గొంతుల పాట.
పై గొంతు నాది. నడిమిదీ నాదే, మళ్ళీ పాడి అతికిస్తాను.
అడుగున పరుచుకునే గొంతుని మావాళ్ళు బని అంటారు.
అది లేకపోతే మిగతా రెండూ
నేల వెయ్యని గదిలో కుర్చీలు.
నా బని గోదెర్జి, వీధి చివర టైర్ల షాపు.
బతూమి రేవులో పని దొరికి పోయాడు.
ఇప్పుడు ఫోన్లో పాడి పంపుతాడు,
సముద్రపు గాలితో సహా.

సబ్‌వేలో బద్రి కొట్టు.
ప్రాసెసరు దగ్గర మాకు గొడవ రాలేదు,
పాటకీ ఆటకీ అదొక్కటే ఉమ్మడి.
ర్యామ్ దగ్గర వచ్చింది.
నాకు ముప్పై రెండు కావాలి, వాడికి పదహారు చాలు,
మిగిలిన డబ్బు కార్డులో పొయ్యాలి.
చివరికి వాడే మూడో ఫ్యాను వదులుకున్నాడు,
పంటి నొప్పి దాచుకున్నవాడిలా మొహం పెట్టి.
రెండు ఫ్యాన్ల కార్డు, సెకండ్ హ్యాండ్.
"నాణేల తవ్వకానికి వాడింది కాదు కదా?" అని అడిగాను.
బద్రి తల్లి మీద ఒట్టేశాడు.
ఆ తల్లి అక్కడే స్టూలు మీద కూర్చుని
పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతూ
తల అడ్డంగా ఊపింది.
మరో నూటయాభై తగ్గింది.

వంటింటి బల్ల మీద బిగించాం.
బఠాణీ గింజంత పేస్టు వెయ్యమని ఉంది,
జాజా బఠాణీ కాస్త నానింది.
ఒక మర మిగిలిపోయింది.
పెట్టెని కదిపి చూశాం, ఏమీ గలగల్లాడలేదు.
జేబులో వేసుకున్నాను.

ఎవరూ పాడకుండా, ఖాళీ గదిని రికార్డు చేశాను.
ఒకటో టెస్టు: ఫ్రిజ్ గురక.
రెండో టెస్టు: లిఫ్టు నాణెం మింగి
ఎనిమిదో అంతస్తుకి మూలుగుతూ ఎక్కడం.
మూడో టెస్టు: పైవాళ్ళ కుక్క, దాని గోళ్ళు.
నాలుగోది మాత్రం అంతు చిక్కలేదు.
నూటపది హెర్ట్జ్ దగ్గర
పిల్లి దుప్పట్లో దూరినట్టు చిన్న గుట్ట.

పెట్టెకున్న ఫ్యాను పీకాను. గుట్ట ఉంది.
ప్రాసెసరు ఫ్యాను, గుండె చిక్కబట్టుకుని, ఒక్క నిమిషం. ఉంది.
కార్డు ఫ్యాన్లు అప్పటికే నిద్రపోతున్నాయి.
బద్రిని తిట్టాను, ఆ ముసలమ్మ తలనీ తలుచుకున్నాను.
హెడ్‌ఫోన్లు తీశాను.

బల్ల కింద జాజా,
నోట్లో ప్లాస్టిక్ పట్టీ, చేతుల్లో కేబుళ్ళు,
కట్టలు కడుతూ కూనిరాగం.
కూడా కాదు, ఒకటే స్వరం,
ఎక్కడికీ పోకుండా, తనకే తెలియకుండా.
నేను వంగి చూడగానే ఆగిపోయింది.
"ఏంటి?"
"ఏం లేదు. కేబుళ్ళు కట్టు."

ఆ రాత్రి ఆట పెట్టాడు.
నీడలు కదిలాయి, నిజమే.
ఫ్యాన్లు లేచి కొండ దిగే బస్సులా ఊదాయి,
నేనేమీ అనలేదు.

వాడు పడుకున్నాక
నాలుగో టెస్టు తెరిచి, దాని మీద నా గొంతు పెట్టి చూశాను.
శ్రుతి పావు వంతు తక్కువ.
నేనే కిందికి దిగాను.